ఆరాధనలో డప్పు వాయించవచ్చునా? వాక్యాధారం చూపండి

కొవ్వూరు యౌవనస్థుడు:
సహోదరులందరికీ ప్రభువు నామమున వందనములు. గత క్రిస్మస్ ఆరాధనకు మా సంఘంలోని యౌవనస్థులు డప్పు తీసుకువచ్చారు. మొదటి చరణమైనా పూర్తి కాకముందే ఒక పెద్దాయన లేచి దానిని బయట పెట్టించారు. కీబోర్డు, తబలా మాత్రం యథాప్రకారం మోగాయి. దేవుణ్ణి "ఆత్మతోను సత్యముతోను" ఆరాధించాలని యోహాను సువార్త 4వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటకు డప్పు ఏ విధంగా అడ్డమో తెలిసినవారు చెప్పగలరు.

పాత కీర్తన:
వాక్యమే చెబుతాను. "సమస్తమును మర్యాదగాను క్రమముగాను జరుగనియ్యుడి" అని మొదటి కొరింథీయులకు 14వ అధ్యాయం ముగుస్తుంది. అదే అధ్యాయంలో, అర్థం చెప్పేవాడు లేకపోతే ఆత్మ వరంగా తెలియని భాషలతో మాట్లాడేవాడు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు ఆజ్ఞాపించాడు. దేవుడిచ్చిన వరానికే హద్దు ఉన్నప్పుడు మనుషులు చేసుకున్న వాయిద్యానికి ఉండదా? ఎఫెసీయులకు 5:19 హృదయంలో కీర్తించమంటుంది. మీ పాటల ధ్వని నా యొద్దనుండి తొలగించండని ఆమోసు 5:23లో ప్రభువే అన్నాడు. ఇంతకంటే ఏ ఆధారం కావాలి?

దోహా విశ్వాసి:
మా కూడికలో ఏ వాయిద్యమూ లేదు. ఆరాధనకు ఏ లోటూ రాలేదు.

కొవ్వూరు యౌవనస్థుడు:
అయ్యగారూ, ఆమోసు తర్వాతి వచనం కూడా చదవండి. న్యాయం నీళ్లలా పారాలని అక్కడ ఉంది. బీదలను త్రొక్కి, గుమ్మంలో న్యాయం తప్పించి, వచ్చి పాడేవారి పాటను దేవుడు అసహ్యించుకున్నాడు గాని వాయిద్యాన్ని కాదు.

ఇక 150వ కీర్తన 4వ వచనానికి వద్దాం. "తంబురతోను నాట్యముతోను ఆయనను స్తుతించుడి" అని మనం చదువుకుంటాం, చదవగానే హరిదాసు భుజాన ఉండే తంతివాద్యం గుర్తుకు వస్తుంది. హెబ్రీలో ఉన్న మాట "తోఫ్". అది గుండ్రని చట్రానికి తోలు బిగించి చేతితో వాయించేది. ఎర్రసముద్రం దాటాక మోషే అక్క మిర్యాము చేతపట్టినది అదే. మన ఇళ్లలో దానికి అత్యంత దగ్గరి బంధువు ఏదో మీరే చెప్పండి. పురుషోత్తమ చౌదరి గారి వంటి క్రైస్తవ కవులు కట్టిన కీర్తనల మీద రాగం, తాళం పేర్లు ఈనాటికీ అచ్చు వేస్తున్నాం. కచేరీ రాగం గుడిలోకి రాగలిగినప్పుడు, పేట తాళం గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

ఇద్దరు బిడ్డల తల్లి:
ఏది వాయించినా సరే, స్పీకర్ల ధ్వని తగ్గించండి. చంటిబిడ్డను ఎత్తుకొని ప్రసంగమంతా చెట్టు కింద నిలబడి వింటున్నాను.

పాత కీర్తన:
తోఫ్ గురించి చెప్పినందుకు సంతోషం. అయితే రెండవ దినవృత్తాంతములు 29:25 చూడండి. హిజ్కియా రాజు దేవుని మందిరంలో సేవచేసే లేవీయులను నిలిపినప్పుడు వారి చేతుల్లో తాళములు, స్వరమండలములు, సితారాలు ఉన్నాయి, తోఫ్ లేదు. అది ఊరేగింపులో మోగింది, విజయోత్సవంలో మోగింది, మందిర సేవలో దానికి చోటు ఇవ్వలేదు. మందసాన్ని, అంటే దేవుని నిబంధన పెట్టెను, బండి మీద తెచ్చిననాడు కూడా అది మోగింది, ఉజ్జా చనిపోయింది ఆనాడే.

కొవ్వూరు యౌవనస్థుడు:
ఉజ్జా చనిపోయింది మందసాన్ని ముట్టుకున్నందుకు, డప్పు విన్నందుకు కాదు. 150వ కీర్తన మొదటి వచనం "పరిశుద్ధాలయమునందు" అనే మొదలవుతుంది. పట్టికలో లేనిది కూడదంటే కీబోర్డు ఏ పట్టికలో ఉంది? తబలాకూ తోలే కదా. తబలా తోలు పరిశుద్ధమై డప్పు తోలు అపవిత్రం ఎప్పుడయింది? మీకు అడ్డు వస్తున్నది శబ్దం కాదు, అది ఏ పేట నుంచి వచ్చిందన్నదే. ఆ ఆత్మ, సత్యము అనే మాటను ప్రభువు ఎవరితో చెప్పాడు? యూదులు ఎవరి పాత్రతో నీళ్లు తాగరో ఆ సమరయ స్త్రీతో చెప్పాడు. మీవంటి పెద్దలే ఆనాడు బావి దగ్గర ఉంటే ఆమెను కూడా బయట పెట్టించేవారు.

పాత కీర్తన:
పేట సంగతి నాకు చెప్పవద్దు. నేను ఆ పేటలోనే పుట్టాను.

ఊరిలో ఎవరు పోయినా అర్ధరాత్రి మా గుడిసె ముందు కేక పడేది. మా నాన్నకు జ్వరమైనా సరే లేవాలి. వానాకాలంలో తోలు మెత్తబడేది, అమ్మ ఎండుగడ్డి వెలిగిస్తే ఆయన దగ్గుతూ ఆ మంట మీద డప్పు కాచుకొని వెళ్లేవాడు. చాటింపైనా, జాతరైనా, శవమైనా ముందు నడిచేది ఆయనే, ఇంటి అరుగు మాత్రం ఎక్కకూడదు. బాప్తిస్మం పొందిన రోజు సాయంత్రం ఆయన కొడవలితో ఆ తోలు కోసేశాడు. మిగిలిన చట్రాన్ని అమ్మ నీళ్ల బాన కింద కుదురుగా పెట్టుకుంది. ఆ తరువాత ఆయన గుడిలో మొదటి వరుసలో చాప మీద ఖాళీ చేతులతో కూర్చుని పాడాడు. నాకు తెలిసిన ఆరాధన అది. 137వ కీర్తనలో బబులోనుకు చెరపట్టినవారు పాడుమన్నప్పుడు ఇశ్రాయేలీయులు సితారాలను నిరవంజి చెట్లకు తగిలించారు. దానిని మీరు అగౌరవం అంటారా?

కొవ్వూరు యౌవనస్థుడు:
చివరి మాట అన్నందుకు నన్ను క్షమించండి. తెలియక అన్నాను.

మా తాతగారు కూడా డప్పు వదిలేశారు, అయితే తనంతట తాను కాదు. అది దయ్యాల వాయిద్యమని బోధకుడు చెబితే వదిలారు. చనిపోయేవరకు ప్రార్థనలో ఆయన వేళ్లు మంచం పట్టె మీద దరువు వేస్తూనే ఉండేవి, మా నాయనమ్మ ఆ చేయి పట్టుకొని ఆపేది. అందుకే నేను దానిని తిరిగి తేవాలనుకున్నాను. చెట్లకు తగిలించిన సితారాలు అక్కడే ఉండిపోలేదు కదా. నెహెమ్యా 12:27లో, చెర నుండి తిరిగివచ్చాక యెరూషలేము ప్రాకారం ప్రతిష్ఠించిననాడు సితారాలు మోగాయి.

పాత కీర్తన:
మోగాయి. అయితే అప్పుడు వారిని పాడుమన్నవాడు చెరపట్టినవాడు కాదు. మీ సంఘంలో వెట్టికి డప్పు కొట్టిన ముసలివారు ఇంకా ఉన్నారా? ఆ రోజు డప్పు గుడిలోకి తెచ్చేముందు వారిని అడిగారా?

కొవ్వూరు యౌవనస్థుడు:
ఇద్దరు ఉన్నారు. అడగలేదు. బయట పెట్టించిన పెద్దాయన వారిలో ఒకరు.