జీవకోనలో పాత ఇల్లు చూశాం, మిద్దె మీద సిమెంట్ రేకుల రూమ్ ఉంది, తీసుకోవచ్చా?

కొత్తిల్లు_తిరుపతి

అందరికీ నమస్తే. మేం ఎంఆర్ పల్లెలో బాడుగింట్లో ఉంటాం, సొంతిల్లు కోసం ఎనిమిది నెలలుగా తిరగతానే ఉన్నాం, అపార్ట్‌మెంట్ అంటే మా అత్తమ్మకు ఇష్టం లేదు, స్థలం కొని కట్టుకునే స్తోమత మాకు లేదు, అందుకే పాత ఇళ్లు చూస్తా ఉన్నాం. పోయిన ఆదివారం జీవకోనలో ఒకటి చూశాం. 40 అంకణాలు, తూర్పు వాకిలి, 1992లో కట్టిందంట. కింద స్లాబ్ ఇల్లు గట్టిగానే ఉంది, బోరు నీళ్లు బాగున్నాయి, రేటు కూడా మా చేతికి అందేట్టే ఉంది.

ఇబ్బందంతా మిద్దె మీదే. సిమెంట్ రేకులేసి ఒక రూమ్, బాత్రూమ్ కట్టినారు, కింద వెనకవైపు వసారాకి కూడా అవే రేకులు. అన్నీ నల్లగా పాచి పట్టి ఉన్నాయి. కోతులు దూకి రెండు చోట్ల పగలగొట్టినాయని ఓనరమ్మే చెప్పింది, అక్కడ తారు షీట్ అంటించినారు. రూమ్‌లో నిలబడి పైకి చూస్తే పగిలిన అంచు దగ్గర తెల్లగా దారప్పోగుల్లాంటివి వేలాడతా ఉన్నాయి, సరిగ్గా దాని కిందే మంచం, మంచం మీద బూడిద మాదిరి పొడి. మా ఆయన వేలితో తుడిచి చూడబోతే నేనే చెయ్యి పట్టుకుని లాగేసినా, ఎందుకో భయమేసింది.

బ్రోకర్‌ని అడిగితే ఊర్లో సగం ఇళ్లకి ఇవే రేకులమ్మా, ఏమీ కాదు అన్నాడు. ఇంటికొచ్చి చదివితే ఆస్బెస్టాస్, క్యాన్సర్ అని ఏవేవో ఉన్నాయి. మాకు ఇరవై నెలల పాప ఉంది. ఇంకోటి, తలుపులు కిటికీలకి పాత ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ ఉంది, పెచ్చులు పెచ్చులుగా లేచిపోతా ఉంది, దాంతో కూడా ఏమైనా ప్రమాదమా? అసలు ఈ ఇల్లు వదిలేయాలా, తీసుకుని రేకులు మార్చుకుంటే సరిపోతుందా? తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్, అడ్వాన్స్ ఇవ్వడానికి పది రోజులే టైం ఇచ్చినారు.

బేల్దారి_బిడ్డ

అక్కా, నేను సివిల్ చదివి పదకొండేళ్లుగా తిరుపతిలోనే సైట్లు చూసుకుంటా ఉన్నా, మా నాయన బేల్దారి, చిన్నప్పుడు ఆయన జతలో పోయి ఈ రేకులు మోసినా, రంపంతో కోసినా కూడా, ఆ పొడి ముక్కులో పోతా ఉంటే తువ్వాలు కట్టుకునేవాళ్లం అంతే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

1992 నాటి ఇంటి మీద బూడిద రంగు అలల సిమెంట్ రేకు ఉందంటే అది ఆస్బెస్టాసే అనుకుని నడుచుకోండి. మన తెలుగులో దాన్నే రాతినార అంటారు, పులివెందుల వైపు ఒకప్పుడు దాని గనులు కూడా ఉండేవి. ఆ నారని సిమెంట్‌లో పదో వంతు దాకా కలిపి రేకు పోస్తారు, 6 మిల్లీమీటర్ల మందానికే అంత గట్టితనం రావడం దానివల్లే. కొత్త గనుల లీజులు మన దేశంలో 1986లోనే ఆపేసినారు, కానీ బయటి నుంచి నార దిగుమతి మాత్రం ఆగలేదు, రేకులు ఈరోజుకీ షాపుల్లో అమ్ముతానే ఉన్నారు. ఆస్ట్రేలియాలో 2003 ఆఖరు నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2005 నుంచి పూర్తిగా నిషేధం. కాబట్టి షాపులో అమ్ముతా ఉన్నారు కదా అని మంచిదే అనుకోవద్దు. రేకు మీద ఎక్కడైనా ఐఎస్ 459 అని అచ్చు కనపడితే ఇంక అనుమానమే లేదు, ఆస్బెస్టాస్ రేకులకి ఇచ్చే ఐఎస్ఐ నంబరు అదే. అచ్చు చెరిగిపోయి ఉంటే కంటితో చూసి తేల్చడం ఎవరి వల్లా కాదు, ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. పగలకుండా, గట్టిగా, తన పాటికి తాను పైన పడి ఉన్న రేకు నుంచి గాల్లోకి వచ్చేది చానా తక్కువ. దాన్ని కదిలించినప్పుడే ముప్పు. సుత్తితో కొట్టినా, డ్రిల్ వేసినా, కటింగ్ మెషిన్ పెట్టినా కంటికి కనపడనంత సన్న పోగులు లేచి గంటల తరబడి గాల్లోనే తిరగతా ఉంటాయి. మన ఊర్లో ఇంకో అలవాటుంది, ఎండాకాలం వస్తానే రూమ్ చల్లగా ఉండాలని రేకుల మీద తెల్ల కూలింగ్ పెయింట్ వేయిస్తారు, వేసే ముందు పాచి పోవాలని వైర్ బ్రష్‌తో గీకి గీకి కడగతారు. పెయింట్ మంచిదే, ఆ గీకుడే పాడు. ముప్పై ఏళ్ల ఎండకీ వానకీ పైపొర సిమెంట్ అరిగిపోయి నార బయటపడి ఉంటుంది, దాన్ని బ్రష్‌తో రేపి కింద పిల్లలు ఆడుకునే చోట పోస్తా ఉన్నట్టు.

మీరు చూసిన రేకు పగిలింది, పోగులు వేలాడతా ఉన్నాయి, మంచం మీద పొడి పడింది అంటే దాన్ని అట్లే పెట్టుకుని కాపురం చేయకూడదు. మీ ఆయన చెయ్యి లాగేసి మంచి పని చేసినారు. అయినా నేనైతే ఇల్లు వదలను, రేకులే వదిలిస్తా. కింద స్లాబ్ బాగుంటే ఈ రేకులు దించేసే ఖర్చు రేటులో తగ్గించమని అడగొచ్చు. బాత్రూమ్ నుంచి కిందికి దిగే బూడిద రంగు పైపు కూడా చూసుకోండి, ఆ కాలంలో అది కూడా ఆస్బెస్టాస్ సిమెంట్‌దే వేసేవాళ్లు. మిద్దె మీద నీళ్ల ట్యాంక్ సిమెంట్ రేకు రంగులో ఉందేమో కూడా చూడండి.

తలుపుల గురించి అడిగినారు కదా, పాప ఉంది కాబట్టి నాకు రేకుల కన్నా ఆ తలుపులే ఎక్కువ భయం. పాత ఆయిల్ పెయింట్లలో సీసం కలిపేవాళ్లు, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదని రూల్ వచ్చింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ నుంచి. మీ తలుపులు దానికి పాతికేళ్ల ముందువి. పాకే పిల్లలు పెచ్చులు ఏరి నోట్లో పెట్టుకుంటారు, పెట్టుకోకపోయినా గడప దగ్గర రాలిన పొడి చేతికంటి నోట్లోకి పోతుంది. పెయింటర్ వచ్చి ఉప్పుకాగితం పెట్టి పొడిగా రుద్దినాడంటే ఇల్లంతా సీసమే. మంట పెట్టి కాల్చి తీసే పద్ధతి ఇంకా అన్యాయం. తడిపి గీకించాలి, లేదంటే తలుపులే మార్చేయండి, రేకుల ఖర్చుతో పోలిస్తే అదేమంత కాదు.

పీలేరు_మామిడితోట

ఏమబ్బా మరీ ఇంత భయపెడతా ఉండారు. మా ఇంటికి 35 ఏళ్ల నుంచి ఇవే రేకులు, మా తాత ఆ రేకుల కిందే 88 ఏళ్లు బతికి పోయినాడు, ఒక దగ్గు లేదు ఏమీ లేదు. ఈ ఊర్లల్లో స్లాబ్ వేసుకునే శక్తి ఎంతమందికి ఉండాది? రేకులు దించమంటే పేదోడు యాడికి పోవాల. ఇల్లు బాగుండాది అంటా ఉండారు, బేరం ఆడుకుని తీసుకోండి, రేకుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చిత్తూరు_నర్స్

పీలేరు అన్నా, తాతగారి విషయంలో మీరు చెప్పింది నిజమే అయి ఉంటుంది, రేకు కింద పడుకున్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. స్లాబ్ వేసుకోలేని వాళ్ల బాధ కూడా నాకు తెలుసు, మా అమ్మగారి ఇల్లు ఇప్పటికీ రేకులదే. కానీ ఊపిరితిత్తుల వార్డులో తొమ్మిదేళ్లు డ్యూటీ చేసినదాన్ని, ఒక మాట చెప్పనివ్వండి.

ఈ పోగు లోపలికి పోయిన రోజు ఏమీ తెలియదు. దగ్గు రాదు, దురద రాదు, జ్వరం రాదు. జబ్బు బయటపడేది ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్ల తర్వాత. ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం వచ్చే జబ్బు ఒకటి, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒకటి, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెప్పిస్తుందనే చెప్తుంది. ఎక్కువగా వచ్చేది ఆ ఫ్యాక్టరీల్లో, ఆ రేకులు కోసే పనిలో ఏళ్ల తరబడి ఉన్నోళ్లకి, అందుకే సుప్రీంకోర్టు 1995లోనే ఆ కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్ల పాటు దాచి పెట్టాలని తీర్పు ఇచ్చింది. కానీ వాళ్ల పని బట్టలు ఇంట్లో దులిపి ఉతికిన భార్యలకి కూడా ఆ క్యాన్సర్ వచ్చిన సంగతి వైద్య పుస్తకాల్లో ఉంది. ఆ పోగులు పీల్చినోళ్లకి బీడీ, సిగరెట్ తాగే అలవాటు కూడా ఉంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం ఇంకా చాలా రెట్లు.

పాప వయసు ఇరవై నెలలు, ముందు చాలా జీవితం ఉంది, అందుకే పిల్లల విషయంలో ఎక్కువ జాగ్రత్త అంటాం. అమ్మా, మీరు ఆ రూమ్‌లో ఐదు నిమిషాలు నిలబడినందుకు నిద్ర పాడు చేసుకోవద్దు, దానికి ఏ టెస్టూ అవసరం లేదు. పెయింట్ పెచ్చుల సంగతి వేరే. సీసం ఇంత వరకు పర్లేదు అనే లెక్క పిల్లలకి లేదు, అది మెదడు మీద పని చేస్తుంది, చదువు మీద, మాట మీద కనపడుతుంది. పాప పెచ్చులు నోట్లో పెట్టుకుందని ఎప్పుడైనా అనుమానం వస్తే పిల్లల డాక్టర్‌ని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి, మామూలు రక్త పరీక్షలో అది తెలియదు.

గ్రీమ్స్‌పేట_వాసి

మేం చేసిన తప్పు మీరు చేయకూడదనే రాస్తా ఉన్నా. మాది చిత్తూరు, మూడేళ్ల కిందట పాత ఇల్లు కొన్నాం, ఇట్లే వెనక వసారాకి రేకులు. దించడానికి ఒక కాంట్రాక్టర్‌కి గుత్తకి ఇచ్చినాం. పొద్దున్నే ఇద్దరు పిల్లకాయలు వచ్చినారు, బోల్టులు తుప్పు పట్టి రాలేదని కింద నుంచి గడ్డపారతో పొడిచి పొడిచి పగలగొట్టినారు. పదకొండు గంటలకి వసారా అంతా తెల్లటి పొగమంచు మాదిరి. మా అమ్మ ఇల్లు పాడైపోయిందని పొరక తీసుకుని ఊడ్చింది, పొడి లేస్తా ఉంటే కొంగు అడ్డం పెట్టుకుని మళ్లీ ఊడ్చింది. పక్కింటి వాళ్ల ఆరేసిన బట్టల మీద కూడా పడింది. ముక్కలన్నీ ట్రాక్టర్‌కి ఎత్తి చెరువు కట్ట పక్కన పోసొచ్చినారంట, అది నాకు సాయంత్రం తెలిసింది. ఆ పిల్లకాయలకి ఇరవై ఏళ్లు కూడా ఉండవు, మూతికి ఒక గుడ్డ కూడా లేదు. ముందే తెలుసుకోకపోతినే అని ఇప్పటికీ మనసు పీకతానే ఉంటుంది.

అందుకే దించేటప్పుడు మీరు దగ్గరుండండి, పాపని, అత్తమ్మని ఆ రెండు రోజులు వేరే చోటికి పంపేయండి.

కొత్తిల్లు_తిరుపతి

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. గ్రీమ్స్‌పేట అన్నా, మీరు రాసింది చదివి మా ఆయన నిన్న రాత్రి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఇల్లు తీసుకోవాలనే అనుకుంటా ఉన్నాం. బేల్దారి తమ్ముడూ, మూడు డౌట్లు. రేకులు ఓనరే తీసేసి ఇస్తామంటా ఉన్నారు, ఒప్పుకోవచ్చా? దించే పద్ధతి ఏది? ల్యాబ్ టెస్ట్ చేయించాలంటే ఎక్కడ?

బేల్దారి_బిడ్డ

అక్కా, ఓనర్‌ని తీయనివ్వొద్దు. వాళ్లకి తొందరగా, తక్కువలో అయిపోవాలి, రేపే సుత్తి పట్టుకుని ఎవరో ఒకరు ఎక్కుతారు, ఆ పొడి గోడల సందుల్లో, అటక మీద ఉండిపోయి మీ నెత్తిన పడుతుంది. రేకులు ఉన్నవి ఉన్నట్టే వదిలేసి ఆ ఖర్చు రేటులో తగ్గించమని అడగండి, అగ్రిమెంట్‌లో కూడా రాయించండి, రిజిస్ట్రేషన్ దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదని.

దించేది మంచి ఎండ, గాలి లేని పొద్దున పెట్టుకోండి. దించే ముందు స్ప్రేయర్‌తో నీళ్లలో కొంచెం సబ్బు కలిపి రేకుల పైనా కిందా బాగా తడపాలి, పైపు పెట్టి ప్రెషర్‌తో కొట్టకూడదు. రేకుల్ని పట్టి ఉంచే జే హుక్కుల నట్లు తుప్పు పట్టి ఉంటాయి, వాటికి నూనె పోసి తిప్పాలి, రాకపోతే హుక్కునే కట్టర్‌తో కత్తిరించాలి, రేకుని మాత్రం పగలగొట్టకూడదు. ఒక్కొక్కటి ఇద్దరు పట్టుకుని సాంతం కిందికి దించి, అక్కడికక్కడే మందపాటి పాలిథిన్ కవర్‌లో రెండు చుట్లు చుట్టి టేప్ వేయాలి. రేకు మీద నేరుగా కాలు పెట్టనీయొద్దు, పాత రేకు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం, అట్లా పడి ప్రాణాలు పోయినోళ్లని చూసినా, పలకలు వేసుకుని వాటి మీద నడవాలి. పనోళ్లకి బట్ట మాస్కులు కాదు, దుమ్ముకి వాడే ఫిల్టర్ మాస్కులు మీరే కొనిపెట్టండి. అయిపోయినాక పొరక, వ్యాక్యూమ్ క్లీనర్ రెండూ వద్దు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డలు కూడా కవర్‌లోనే వేయండి. మంచం మీదున్న ఆ పొడికి కూడా ఇదే పద్ధతి. చుట్టిన రేకుల్ని ఎక్కడ దింపాలో ముందే కార్పొరేషన్ శానిటేషన్ వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి, గొడ్ల పాకకి కావాలని ఎవరైనా అడిగినా ఇవ్వొద్దు.

టెస్ట్ మాటకొస్తే ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులు చెన్నై, హైదరాబాద్‌లో ఉన్నాయి, పంపే ముందు ఆస్బెస్టాస్ టెస్ట్ చేస్తారా అని ఫోన్ చేసి అడగండి. అయితే మీ రేకులకి టెస్ట్ డబ్బులు దండగ, ఆస్బెస్టాసే అనుకుని పని చేయండి. అనుమానం ఉన్న పైపుకి చేయించండి చాలు.

ఇంకో మాట, ఆ మిద్దె మీద రూమ్ ప్లాన్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే బ్యాంకు వాళ్లు దాని విలువ కట్టరు, అది కూడా బేరానికి పనికొస్తుంది. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్, 1992 ముందు నుంచి తీయించండి, లింక్ డాక్యుమెంట్లు, అంటే ముందు ఓనర్ల పాత పత్రాలు, ఒరిజినల్సే చూడండి. 2021 నవంబర్ వానలప్పుడు ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చినాయో పక్కిళ్ల వాళ్లని అడగండి, ఓనర్‌ని కాదు. మీకు అభ్యంతరం లేకపోతే శనివారం పొద్దున నేను వచ్చి చూస్తా, నిచ్చెన నేనే తెస్తా, పాపని మాత్రం తీసుకురావద్దు.