రూట్ చేసిన ఫోన్‌లో రేడియో ఫర్మ్‌వేర్ ఒక్కటే మార్చుకోవచ్చా?

ప్రశ్న – మధురవాడ సభ్యుడు

అందరికీ నమస్కారం. నా దగ్గర స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న నాలుగేళ్ల నాటి ఫోన్ ఉంది. కొన్న ఏడాదికే బూట్‌లోడర్ (ఫోన్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి, కస్టమ్ రోమ్ (కంపెనీది కాని ఆండ్రాయిడ్) వేసి, మ్యాజిస్క్ అనే ఉపకరణంతో రూట్ చేసుకున్నాను, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఆండ్రాయిడ్ వెర్షన్ రెండుసార్లు మారింది గానీ, సెట్టింగ్స్‌లో కనిపించే బేస్‌బ్యాండ్ వెర్షన్ (టవర్‌తో మాట్లాడే రేడియో ఫర్మ్‌వేర్ వెర్షన్) మాత్రం మొదటి రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.

నేను రోజూ విశాఖలో హనుమంతవాక నుంచి అడవివరం మీదుగా పెందుర్తి వెళ్లి వస్తాను. ముడసర్లోవ దాటి సింహాచలం కొండ పక్కకు రాగానే మాట్లాడుతున్న కాల్ తెగిపోతుంది, మళ్లీ నెట్‌వర్క్ అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మా తమ్ముడిది కూడా ఇదే మోడల్, ఇదే నెట్‌వర్క్. వాడు రూట్ జోలికి పోకుండా కంపెనీ ఇచ్చిన అప్‌డేట్లన్నీ వేసుకుంటూ వచ్చాడు. మొన్న ఆదివారం వాడు బండి నడుపుతుంటే నేను వెనక కూర్చుని, రెండు ఫోన్లలోనూ కాల్ కలిపి, రెండు చేతుల్లో పట్టుకుని చూశాను. అడవివరం కూడలికి చేరేలోపు నా కాల్ రెండుసార్లు తెగిపోయింది, వాడిది ఒక్కసారి కూడా తెగలేదు.

పాత రేడియో ఫర్మ్‌వేరే దీనికి కారణమని అనుకుంటున్నాను. కస్టమ్ రోమ్‌ను, రూట్‌ను, డేటాను కదపకుండా రేడియో ఒక్కటే కొత్తది వేసుకునే వీలుందా? మా మిత్రుడొకరు ఇలాంటి పనికే ఒక దుకాణంలో ఫోన్ ఇస్తే, అది ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) లేకుండా తిరిగి వచ్చింది. ఆ భయంతోనే మీ అందరినీ అడుగుతున్నాను.

జవాబు – గాజువాక సభ్యుడు

వీలుంది, నేను రెండు ఫోన్లలో చేశాను. అయితే ఏ భాగం ఎక్కడ ఉంటుందో ముందుగా తెలుసుకుంటే మీ భయం చాలావరకు తగ్గుతుంది.

ఫోన్‌లో ఆండ్రాయిడ్ నడిచే ప్రాసెసర్ వేరు, టవర్‌తో మాట్లాడే మోడెమ్ వేరు. మోడెమ్‌కు సొంత ఆపరేటింగ్ వ్యవస్థ ఉంటుంది, దాన్నే మనం రేడియో అనీ బేస్‌బ్యాండ్ అనీ అంటున్నాం. స్నాప్‌డ్రాగన్ ఫోన్లలో అది ‘మోడెమ్’ అనే ప్రత్యేక పార్టిషన్‌లో (ఫోన్ మెమరీలో వేరు చేసిన భాగంలో) ఉంటుంది. మ్యాజిస్క్ మార్చేది ఫోన్ లేచేటప్పుడు నడిచే బూట్ ఇమేజ్‌ను, లేదా ఆండ్రాయిడ్ 13తో వచ్చిన చాలా ఫోన్లలో ఇనిట్ బూట్ ఇమేజ్‌ను మాత్రమే. మీ డేటా ఉండేది ఇంకొక పార్టిషన్‌లో. కాబట్టి మోడెమ్ పార్టిషన్ ఒక్కటే తిరగరాస్తే రూట్ పోదు, డేటా కూడా పోదు. చాలా కస్టమ్ రోమ్‌లు ఈ పార్టిషన్‌ను అసలు ముట్టుకోవు, అందుకే మీ బేస్‌బ్యాండ్ వెర్షన్ ఇన్నేళ్లుగా మారలేదు.

ఐఎంఈఐ విషయానికి వస్తే, ఆ నంబరూ మీ ఫోన్‌కే ప్రత్యేకమైన రేడియో సర్దుబాట్ల విలువలూ మోడెమ్ పార్టిషన్‌లో ఉండవు. అవి మోడెమ్ఎస్‌టీ1, మోడెమ్ఎస్‌టీ2, ఎఫ్ఎస్‌జీ అనే చిన్న పార్టిషన్లలో ఉంటాయి. మొదటి రెండూ మోడెమ్ రోజూ వాడుకునే ప్రతులు, మూడోది అవి చెడిపోతే తిరిగి నింపుకోవడానికి దాచిన ప్రతి. ఈ మూడింటితో పాటు పర్సిస్ట్ పార్టిషన్‌ను కూడా రూట్ అనుమతితో డీడీ అనే కాపీ ఆదేశం ద్వారా ఫైళ్లుగా తీసి, కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచుకోండి. రూట్ ఉండటం వల్ల మీకు దొరికిన గొప్ప సౌలభ్యం ఇదే, రూట్ లేనివారికి ఈ బ్యాకప్ తీయడం చాలా కష్టం. తీసిన ఫైళ్ల సైజు సున్నా కాదని కళ్లతో చూసి నిర్ధారించుకున్న తర్వాతే ముందుకు వెళ్లండి. ఈ ఒక్క పనిలో మాత్రం దయచేసి తొందరపడకండి.

తర్వాత మీ మోడల్‌కే, అందులోనూ భారతదేశంలో అమ్మిన రకానికే కంపెనీ విడుదల చేసిన పూర్తి ఫర్మ్‌వేర్ ప్యాకేజీని దింపుకోండి. పేరు ఒకటే అయినా చైనా రకానికీ మన రకానికీ రేడియో ఫైళ్లు వేరుగా ఉండవచ్చు. ప్యాకేజీలో పేలోడ్ ఫైల్ ఒక్కటే కనిపిస్తే, పేలోడ్ డంపర్ అనే ఉపకరణంతో దానిలోంచి మోడెమ్ ఇమేజ్‌ను బయటకు తీయవచ్చు. కొన్ని పాత ప్యాకేజీలలో ఈ ఫైలు పేరు ‘నాన్-హెచ్ఎల్ఓఎస్’ అని ఉంటుంది. ఫోన్‌ను ఫాస్ట్‌బూట్ స్థితికి (కంప్యూటర్ నుంచి పార్టిషన్లు రాయగలిగే స్థితికి) తెచ్చి, ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ ఆదేశంతో ఆ ఇమేజ్‌ను మోడెమ్ పార్టిషన్‌లో రాసి, రీబూట్ చేయండి. ప్యాకేజీలో వచ్చే స్క్రిప్టులను మాత్రం నడపవద్దు. అవి ఫోన్ మొత్తాన్ని తుడిచేయగలవు, పేరులో ‘లాక్’ అని ఉన్నదైతే బూట్‌లోడర్‌ను మళ్లీ లాక్ చేస్తుంది. కస్టమ్ రోమ్ ఉండగా లాక్ పడితే ఫోన్ లేవకపోవచ్చు.

ఈ పనికి డెస్క్‌టాప్ కన్నా ఛార్జింగ్ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్ మంచిది. తుఫాను రోజుల్లో మన ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, రాస్తున్న మధ్యలో కంప్యూటర్ ఆగిపోకూడదు.

జవాబు – సీతమ్మధార సభ్యురాలు

గాజువాక సభ్యులు చెప్పిన పద్ధతి సరైనదే. కానీ ఫ్లాష్ చేసే ముందు లోపం నిజంగా రేడియోలోనే ఉందా అని చూసుకోవడం అవసరమని నా అభిప్రాయం. ముందుగా మీ సిమ్‌ను తమ్ముడి ఫోన్‌లో, తమ్ముడి సిమ్‌ను మీ ఫోన్‌లో వేసి అదే దారిలో మళ్లీ వెళ్లి చూడండి. లోపం సిమ్‌తో పాటు మారితే ఫర్మ్‌వేర్ జోలికి వెళ్లవలసిన పనే లేదు. ఫోన్‌లోనే ఉండిపోతే *#*#4636#*#* నొక్కి, వచ్చే పరీక్ష పేజీలో సిగ్నల్ బలం ఎన్ని డీబీఎమ్‌లు ఉందో, ఐఎంఎస్ (4జీ మీద కాల్స్ నడిపే వ్యవస్థ) నమోదు అయిందో లేదో రెండు ఫోన్లలోనూ పోల్చి చూడండి.

ఐఎంఎస్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. వోల్టే, అంటే 4జీ మీద వెళ్లే కాల్ నిలవాలంటే ఆ నమోదు నిలవాలి. 2జీ, 3జీ లేని జియోలాంటి నెట్‌వర్క్‌లో నమోదు పోతే మామూలు కాల్ వెళ్లడానికి వేరే దారి లేదు. ఏ నెట్‌వర్క్‌కు ఏ సర్దుబాట్లు వాడాలో చెప్పే ఎంబీఎన్ అనే ఫైళ్లు మోడెమ్ ఇమేజ్ లోపలే ఉంటాయి. నాలుగేళ్ల క్రితం నాటి ఇమేజ్‌లో ఆనాటి నెట్‌వర్క్‌కు తగిన సర్దుబాట్లే ఉంటాయి కదా. మన దేశంలో 5జీ మొదలైందే 2022 అక్టోబర్ 1న.

ఇంకొక మాట. ఉన్నదానికన్నా పాత ఫర్మ్‌వేర్‌ను ఎప్పుడూ వేయవద్దు, కొన్ని కంపెనీల ఫోన్లలో వెనక్కి వెళ్లకుండా అడ్డుకునే రక్షణ ఉంటుంది. ఇది చదివే ఇతరులు కూడా గమనించాలి, ఈ ఆదేశాలు అన్ని ఫోన్లకూ ఒకేలా ఉండవు. శామ్‌సంగ్ ఫోన్లకు ఫాస్ట్‌బూట్ ఉండదు, డౌన్‌లోడ్ మోడ్‌లో ఓడిన్ అనే కంప్యూటర్ ఉపకరణం ద్వారా ‘సీపీ’ గడిలో మోడెమ్ ఫైల్ ఇవ్వాలి. పిక్సెల్ ఫోన్ల ప్యాకేజీలో రేడియో పేరుతోనే ప్రత్యేక ఇమేజ్ వస్తుంది.

మధురవాడ సభ్యుడు

ఇద్దరికీ ధన్యవాదాలు. సిమ్‌లు మార్చి చూశాను, లోపం నా ఫోన్‌లోనే ఉండిపోయింది. కొండ పక్కన నా ఫోన్‌లో ఐఎంఎస్ నమోదు కాలేదని చూపించింది, తమ్ముడి ఫోన్‌లో నమోదైనట్టే ఉంది. నిన్న రాత్రి బ్యాకప్ తీసి, మోడెమ్ ఇమేజ్ రాశాను. ఆదేశం ముగిసి తెర మీద ‘ఓకే’ అని కూడా వచ్చింది. కానీ రీబూట్ చేశాక బేస్‌బ్యాండ్ వెర్షన్ పాతదే చూపిస్తోంది. ఎక్కడ పొరపాటు జరిగింది?

గాజువాక సభ్యుడు

మీ ఫోన్‌లో ‘ఏ’, ‘బీ’ అని రెండు స్లాట్లు ఉండి ఉండాలి. నా మొదటి జవాబులో ఈ సంగతి రాయవలసింది, రాయలేదు, మన్నించండి. అలాంటి ఫోన్లలో ప్రతి ముఖ్యమైన పార్టిషన్‌కూ రెండు ప్రతులు ఉంటాయి. ఫోన్ ప్రస్తుతం ‘బీ’ స్లాట్‌లో నడుస్తుండగా మీరు ‘ఏ’ స్లాట్‌లో రాసి ఉంటే పాత వెర్షనే కనిపిస్తుంది. ఫాస్ట్‌బూట్‌లో ‘గెట్‌వార్ కరెంట్-స్లాట్’ ఆదేశం ఇస్తే ఏ స్లాట్‌లో ఉన్నారో తెలుస్తుంది. రెండింటిలోనూ ఒకే ఇమేజ్ రాయడం మంచిది, లేకపోతే రేపు రోమ్ అప్‌డేట్ వచ్చి స్లాట్ మారినప్పుడు పాత రేడియో మళ్లీ ముందుకు వస్తుంది.

జవాబు – పెందుర్తి సభ్యుడు

మీ మిత్రుని ఫోన్ గురించి చదివి ఇది రాస్తున్నాను. ఐఎంఈఐ పోయిందని, ఏదో ఒక నంబరు ఎక్కించి ఇస్తామనే వారి దగ్గరకు దయచేసి వెళ్లనివ్వకండి. ఐఎంఈఐని మార్చడం మన దేశంలో నేరం, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ ఫోన్‌లోంచే తీసిన బ్యాకప్ ఉంటే దాన్నే తిరిగి రాసుకోవాలి, లేకపోతే కంపెనీ సేవా కేంద్రానికి వెళ్లాలి. వేరొకరి ఫోన్ బ్యాకప్ పనికిరాదు. ఫోన్ పెట్టె మీద ఉన్న నంబరూ, *#06# నొక్కితే వచ్చే నంబరూ ఒకటేనా అని ఫ్లాష్‌కు ముందూ తర్వాతా చూసుకోవడం మంచి అలవాటు.

రేడియోను కొత్తగా ఉంచుకోవడానికి కాల్ తెగిపోవడం ఒక్కటే కారణం కాదు. 2023 మార్చిలో గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం శామ్‌సంగ్ ఎక్సినోస్ మోడెమ్‌లలో 18 లోపాలను బయటపెట్టింది. వాటిలో నాలుగు ఎంత తీవ్రమైనవంటే, ఫోన్ నంబరు తెలిస్తే చాలు, యజమాని ఏమీ నొక్కకుండానే దూరం నుంచి మోడెమ్‌లోకి చొరబడవచ్చు. మీ చిప్ వేరే కావచ్చు, కానీ నాలుగేళ్లు మారని రేడియో అంటే నాలుగేళ్ల భద్రతా సవరణలు అందని రేడియో. కస్టమ్ రోమ్ వాడేవారు ఆండ్రాయిడ్ సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూసి అంతా కొత్తదే అనుకుంటారు, ఆ తేదీ మోడెమ్ గురించి ఏమీ చెప్పదు.

మధురవాడ సభ్యుడు

స్లాట్ విషయమే కారణం. ఫోన్ ‘బీ’లో నడుస్తోంది, నేను ‘ఏ’లో రాశాను. ఈసారి రెండింటిలోనూ రాశాక కొత్త బేస్‌బ్యాండ్ వెర్షన్ కనిపించింది. పెట్టె మీది ఐఎంఈఐ నంబర్లతో అంకె అంకె సరిచూసుకున్నాను, సరిపోయాయి. రూట్ అలాగే ఉంది, డేటా అలాగే ఉంది.

ఈ ఉదయం అదే దారిలో కాల్‌లో ఉంటూ వెళ్లాను. ముడసర్లోవ దగ్గర సిగ్నల్ బలం పాత రేడియోతో మైనస్ 114 డీబీఎమ్ ఉండేది, ఇప్పుడూ మైనస్ 113 దగ్గరే ఉంది. ఆ మాటకొస్తే కొండ అడ్డు ఫర్మ్‌వేర్‌తో తొలగదు కదా. అయినా అడవివరం దాటి పెందుర్తి చేరేవరకు కాల్ ఒక్కసారి కూడా తెగలేదు, ఐఎంఎస్ నమోదు పోలేదు. బ్యాకప్ ఫైళ్లు తమ్ముడి ల్యాప్‌టాప్‌లో కూడా ఒక ప్రతి పెట్టాను. మా మిత్రుణ్ణి రేపు సేవా కేంద్రానికి తీసుకువెళ్తున్నాను.