ఎర్ర చారల జీళ్ళు: చిన్నప్పుడు టీవీలో చూశాను, ఏమిటో చెప్పగలరా?

కొత్తగా వచ్చిన అమ్మాయి, లిన్‌షోపింగ్:

అందరికీ నమస్కారం. చదువుకోడానికి స్వీడన్ వచ్చి మూడు వారాలైంది. ఇల్లు, బ్యాంకు, పర్సనల్ నంబరు గోల తర్వాత అడుగుతాను. ముందు ఒక పిచ్చి ప్రశ్న.

నేను రెండో క్లాసులో ఉండగా టీవీలో ఏదో విదేశాల కార్యక్రమం వచ్చింది. అద్దాల వెనక ఒకతను తెల్లటి పాకం ముద్దని గోడకున్న కొక్కేనికి తగిలించి లాగడం, మడిచి మళ్ళీ తగిలించడం. మా నానమ్మ చేటలో బియ్యం వదిలేసి మరీ చూసింది. "ఓసినీ, తెల్లోళ్ళు కూడా జీళ్ళు లాగుతారటే!" అంది. తర్వాత దాని మీద ఎర్ర చారలు పెట్టి, మెలితిప్పి, కత్తెరతో ముక్కలు కోశాడు. పేరు వినిపించుకోలేదు, స్వీడన్ అన్నారని మాత్రం గుర్తు. స్విట్జర్లాండ్ అన్నారేమో కూడా. ఇక్కడికి వస్తుంటే నానమ్మ "ఆ జీళ్ళు దొరికితే చూడు" అంది. ఏమంటారు వాటిని? ఎక్కడ దొరుకుతాయి?

ఒక అన్నయ్య, స్టాక్‌హోమ్:

క్రిస్మస్‌కి చెట్టుకి వేలాడదీసే వంకీ కర్రలు కదమ్మా? అవి అమెరికా సరుకు. డిసెంబర్ దాకా ఆగు, ప్రతి షాపులో ఉంటాయి.

ఒక వదిన, మాల్మో:

సెమ్లా అయ్యుంటుంది. యాలకుల బన్ను, బాదం ముద్ద, పైన మీగడ. 1771లో ఇక్కడి రాజు అడాల్ఫ్ ఫ్రెడ్రిక్ ఓ పెద్ద విందు చివర అవే తిని పోయాడు. (ఎర్ర చారలు లేవని నాకూ తెలుసు. సెమ్లా గురించి చెప్పే అవకాశం వస్తే వదలను.)

ఒక అక్క, యోన్‌షోపింగ్:

ఆగండి ఆగండి. కొక్కేనికి తగిలించి లాగారంటే ఇంక వేరే ఏమీ కాదు, అవి పోల్కాగ్రీస్. ఊరు గ్రెన్నా. మా ఇంటి నుంచి 40 కిలోమీటర్లు, వెట్టెర్న్ సరస్సు ఒడ్డున. నీకు లిన్‌షోపింగ్ నుంచి ఈ4 రోడ్డు మీద దక్షిణంగా గంట పైచిలుకు ప్రయాణం. ఆ ఊరి మెయిన్ రోడ్డు మీద అడుగడుగునా ఈ మిఠాయి కొట్లే. చాలావాటిలో అద్దం వెనక చేస్తూ ఉంటారు, ఎంతసేపు నిలబడి చూసినా ఎవరూ ఏమీ అనరు. మా పిల్లాడు ముక్కు అద్దానికి ఆనించి నలభై నిమిషాలు కదల్లేదు.

దగ్గర్నించి చూస్తే మీ నానమ్మ మాట అక్షరాలా నిజం. పంచదార, నీళ్ళు, కొంచెం వెనిగర్ వేసి ముదురు పాకం పడతారు. మనం పాకం గడ్డకట్టకుండా నిమ్మరసం పిండమూ, అలాగే ఆ వెనిగర్. నూనె రాసిన బండ మీద పోసి, చేతికి తాళేంత చల్లారాక కొక్కేనికి తగిలిస్తారు. అప్పటిదాకా లేత పసుపు గాజులా ఉన్నది, లాగేకొద్దీ గాలి పట్టి పట్టుదారంలా తెల్లబడుతుంది. కోటప్పకొండ తిరునాళ్ళలో మేకుకి వేసి లాగే బెల్లం పాకమూ అందుకే తెల్లబడేది. ఇక్కడ పిప్పర్‌మెంటు నూనె కలుపుతారు, రంగు కలిపిన ముద్దని పట్టీలుగా అతికిస్తారు. ఆపైన ఒకరు దొర్లిస్తూనే ఉండాలి, ఆపితే చపాతీలా చదునైపోతుంది.

దీన్ని మొదలుపెట్టింది అమాలియా ఎరిక్సన్ అనే ఆవిడ. భర్త 1858లో పోయాడు, చేతిలో పసిబిడ్డ. అప్పట్లో ఆడది సొంతంగా వ్యాపారం చెయ్యాలంటే ఊరి అధికారుల అనుమతి కావాలి. 1859లో అది సంపాదించి ఇంట్లోనే మొదలుపెట్టింది. బతికున్నన్నాళ్ళూ పాకం గుట్టు ఎవరికీ చెప్పలేదు. బతికింది తక్కువేం కాదు, 1923లో పోయేనాటికి 98 ఏళ్ళు. ఊళ్ళో విగ్రహం ఉంది, దణ్ణం పెట్టుకుని రా.

వెళ్ళినప్పుడు విసింగ్‌సో దీవికి పడవ కూడా ఎక్కు, అరగంట లోపే.

ఒక బాబాయి, ఉప్సాలా:

ఒక మాట. స్వీడిష్‌లో గ్రీస్ అంటే పంది. మేం బొత్తిగా శాకాహారులం. వచ్చిన కొత్తలో డబ్బా మీద ఆ మాట చదివి, రెండేళ్ళు వాటి పక్కకి వెళ్ళలేదు. ఆఫీసులో ఎవరైనా పెడితే "ఉపవాసం" అనేవాణ్ణి. చివరికి ఒక పెద్దావిడ నవ్వి చెప్పింది. ఆ రోజుల్లో మిఠాయిని ముద్దుగా గ్రీస్ అనేవారట, పోల్కా అంటే అప్పట్లో ఊపేసిన డాన్సు. అంతే, అందులో పందీ లేదు, గుడ్డూ లేదు.

అసలు పంది ఎక్కడుందంటే, సూపర్ మార్కెట్‌లో అద్దాల డబ్బాల్లో రంగురంగులుగా సాగే మిఠాయిలుంటాయే, వాటిలో. చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, పంది తోలు, ఎముకల నుంచి తీసే జిగురు. డబ్బా మీద చీటీలో ఆ మాట వెతుక్కో.

ఒక తమ్ముడు, గోథెన్‌బర్గ్:

బాబాయి గారు ఆ డబ్బాల సంగతి ఎత్తారు కాబట్టి నా ఏడుపు కూడా వినండి. బోర్డు మీద 12.90 అని చూసి, కిలో అనుకుని, గరిటెతో సంచీ నింపేశాను. కౌంటర్ దగ్గర 180 క్రోనర్లు. "హెక్టో" అంటే వంద గ్రాములు అక్కా! మనూళ్ళో చిల్లర కొట్లో జీళ్ళు తూచినట్టు కాదు ఇది.

నల్లగా, డైమండ్ ఆకారంలో ఉండేవి మాత్రం ముట్టుకోకు. ఉప్పు లాక్రిత్స్ అంటారు. అందులో వేసేది నవాసారం, మన కళాయివాళ్ళు గిన్నెలకి రాసేదే. స్వీడన్‌వాళ్ళు లొట్టలేసుకుంటూ తింటారు, నేను చెత్తబుట్ట కోసం పరిగెత్తాను.

ఒక వదిన, మాల్మో:

శనివారం సాయంత్రం ఆ డబ్బాల దగ్గర జనం ఎందుకు మూగుతారో కూడా తెలుసుకో. "లోర్దాగ్స్‌గూడీస్", అంటే శనివారపు మిఠాయి. దీని వెనక కథ బాగుండదు. లుంద్‌లో విపేహోల్మ్ అనే ఆసుపత్రిలో, 1945లో మొదలుపెట్టి, మానసిక వైకల్యం ఉన్న రోగులకి వాళ్ళ ఒప్పుకోలు లేకుండా మిఠాయిలు పెట్టి పళ్ళు ఎలా పుచ్చుతాయో చూశారు. పళ్ళకి అతుక్కునేలా ప్రత్యేకంగా చేయించిన టాఫీలు, మన జీళ్ళకి బాబు లాంటివి. ఎంత తిన్నామన్నదానికంటే రోజంతా మధ్యమధ్య నములుతూ ఉండటమే ఎక్కువ చేటని తేలింది. అందుకని వారానికి ఒక్కసారి తినమన్నారు. మా పిల్లలకి నేనూ అదే నియమం పెట్టాను. ఆ రోగుల సంగతి తలచుకుంటే మాత్రం మనసు అదోలా అవుతుంది.

కొత్తగా వచ్చిన అమ్మాయి, లిన్‌షోపింగ్:

అందరికీ చాలా థాంక్స్. నిన్న గ్రెన్నా వెళ్ళొచ్చాను. అద్దం ముందు నిలబడి నానమ్మకి వీడియో కాల్ చేశాను. లోపల మిఠాయి చేసే అమ్మాయి ముద్దని కొక్కేనికి వెయ్యగానే "అదే, అదే!" అని ఇంట్లో అందర్నీ పిలిచింది. అయిపోయాక మాత్రం, "మరి నువ్వులు వెయ్యలేదేమే?" అంది.

ఇప్పుడు అసలు చిక్కు. దీపావళికి ఇంటికి వెళ్ళే స్నేహితురాలితో పంపిద్దామంటే ఇవి రాళ్ళలా ఉన్నాయి, నానమ్మకి ముందు పళ్ళు లేవు. మెత్తవి ఏమైనా ఉంటాయా?

ఒక అక్క, యోన్‌షోపింగ్:

వేడి మీద కోసిన ముక్క కాసేపు మెత్తగానే ఉంటుంది తల్లీ, కానీ అది గుంటూరు దాకా రాదు. గట్టివే పంపించు. జిప్ కవర్లో బాగా బిగించు, మన ఉక్కకి చెమ్మ పట్టి జిగురైపోతాయి. అక్కడ రోట్లో వేసి పొడి కొట్టమను, చిటికెడు నాలుక మీద వేసుకుంటే చాలు. నువ్వులు ఆవిడే కలుపుకుంటుంది.