డన్స్ అంటే మొద్దు అని ఎలా వచ్చింది?

చివరి బెంచి:
చిన్నప్పుడు మా లెక్కల సారు నన్ను రోజూ ఇంగ్లీషులో డన్స్ (dunce) అనేవారు. మొన్న మా అమ్మాయి ఆ మాటకి అర్థం అడిగితే మొద్దు అని చెప్పి తప్పించుకున్నా. అసలెక్కణ్నుంచి వచ్చింది? డాన్సుతో ఏమైనా చుట్టరికమా? నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా.

నిఘంటువు పిచ్చి:
డాన్సుతో ఏ చుట్టరికమూ లేదండీ. అదొక మనిషి పేరు, ఆ మనిషికి ఊరి నుంచి వచ్చిన పేరు. స్కాట్లాండులో డన్స్ అని ఓ ఊరుంది, జాన్ డన్స్ స్కోటస్‌ది ఆ ఊరే. ఫ్రాన్సిస్కన్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘంవాడు, ఆక్స్‌ఫర్డులోనూ పారిస్‌లోనూ పాఠాలు చెప్పి 1308లో జర్మనీలోని కొలోన్‌లో పోయాడు. తమాషా ఏంటంటే ఆయన మొద్దు కానే కాదు, ఏ వాదం దొరికినా ఈకకి ఈక తోకకి తోక పీకి చూసే రకం, లాటిన్‌లో ఆయన బిరుదే సూక్ష్మబుద్ధి గల పండితుడని. కొంప ముంచింది తర్వాతి తరాల శిష్యులు. 16వ శతాబ్దంలో కొత్త పండితులొచ్చి గ్రీకు, లాటిన్ మూలగ్రంథాలు చదవాలంటే, వీళ్లు పాత తర్కమే పట్టుకు వేలాడారు. దాంతో డన్స్ అంటే ముందు వితండవాది అయ్యాడు, తర్వాత చదువు బుర్రకెక్కనివాడయ్యాడు.

గోంగూర:
పరమానందయ్యగారే నయం, ఎంతమంది శిష్యులు ఎన్ని తెలివితక్కువ పనులు చేసినా ఆయన పేరు తిట్టు కాలేదు 😀 బడిలో మొద్దులకి పెట్టే శంకు టోపీ కూడా ఈయన కనిపెట్టిందేనట కదా, అది పెట్టుకుంటే జ్ఞానం తలలోకి దిగుతుందని?

నిఘంటువు పిచ్చి:
ఆ టోపీ కథ నెట్‌లో అందరూ చెప్పేదే, ఆధారం మాత్రం ఎవరూ చూపించరు. నమ్మకండి. అన్నట్టు, 1993లో పోప్ రెండో జాన్ పాల్ ఆయన్ని ధన్యుడిగా (సెయింటు హోదాకి ముందు మెట్టు) గుర్తించారు. తిట్టు మాత్రం అలాగే ఉంది.

పాత పలక:
ఇలాగే మొద్దు అని తిట్టే ఇంకో ఇంగ్లీషు మాట మోరాన్ (moron) కథ ఇంకోలా ఉంటుంది. 1910లో హెన్రీ గొడార్డ్ అనే అమెరికా సైకాలజిస్టు గ్రీకు నుంచి కావాలనే తెచ్చి పెట్టిన మాట అది. మానసిక వయసు 8 నుంచి 12 మధ్య ఉన్న పెద్దవాళ్లకి డాక్టరీ పేరన్నమాట. జనం చేతిలో పడ్డాక ఏమైందో తెలిసిందే.

చివరి బెంచి:
థాంక్సండీ అందరికీ. మా సారు డన్స్ కాకపోతే శుంఠ అనేవారు. అది శొంఠి నుంచి వచ్చిందా?