‘పరలోకమందున్న మా తండ్రీ’: ‘మన’ అనకూడదా?

ప్రశ్న:

రాత్రి ఇంట్లో యేసు నేర్పిన ‘పరలోకమందున్న మా తండ్రీ’ ప్రార్థన ముగిశాక మా అమ్మాయి ఒక సందేహం అడిగింది. “దేవుడు అందరికీ తండ్రి అంటారు కదా, మరి ‘మా తండ్రీ’ అంటే మిగతావాళ్లకు కాడనా? ‘మన తండ్రీ’ అనాలి కదా?” తొమ్మిదేళ్ల పిల్ల. “పెద్దలు అలా రాశారు” అంటే ఊరుకోలేదు. వ్యాకరణం తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు:

అమ్మాయి అడగాల్సిందే అడిగింది. అయితే ‘మా’, ‘మన’ల మధ్య తేడాను తేల్చేది ఆ వస్తువు ఎవరెవరిదన్న సంగతి ఒక్కటే అయితే సరిపోదు. ఎవరితో మాట్లాడుతున్నామో చూడాలి. వినేవారిని కలుపుకొంటే ‘మన’, కలుపుకోకపోతే ‘మా’. ప్రార్థనలో వినేది దేవుడు. ఆయన్నే ‘మన తండ్రీ’ అని పిలిస్తే ఆయనకూ మనకూ కలిపి ఇంకో తండ్రి ఉన్నట్టు అవుతుంది! అన్న తన తమ్ముడితో ‘మన నాన్న’ అంటాడు గాని నాన్ననే ‘మన నాన్నా’ అని పిలవడు. ఈ ‘మా’ బయట ఉంచింది దేవుణ్ని ఒక్కడినే. పక్కింటివారి ఊసే అందులో లేదు.

అదే దేవుని గురించి విశ్వాసులు తమలో తాము చెప్పుకునేటప్పుడు మాట మారుతుంది. రోమా పత్రిక అంటే రోములోని విశ్వాసులకు పౌలు రాసిన ఉత్తరం. దాని మొదట్లో ఆయన పలకరింపు ‘మన తండ్రియైన దేవునినుండియు’ అని ఉంటుంది. కీర్తనల్లో ఇంకా బాగా తెలుస్తుంది. 46వ కీర్తన ‘దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు’ అంటుంది. 90వ కీర్తన ‘ప్రభువా, తరతరములనుండి మాకు నివాసస్థలము నీవే’ అంటుంది. చెబుతున్నది దాదాపు ఒకటే. మొదటిది ఒకరికొకరు చెప్పుకునే ధైర్యం, రెండోది ఆయన ముఖం చూసి అంటున్న మాట.

బైబిలు మూలభాషలైన హీబ్రూలో గాని గ్రీకులో గాని ఈ తేడా లేదు. ‘హేమోన్’ అన్న గ్రీకు మాట ‘మా’ కావచ్చు, ‘మన’ కావచ్చు. నేటి కన్నడంలోనూ ‘నమ్మ’ ఒక్కటే. తమిళంలో మాత్రం మనకున్నట్టే రెండూ ఉన్నాయి, అక్కడి ప్రార్థన ‘ఎంగళ్ పిదావే’ అంటుంది, అంటే మన ‘మా’యే. కాబట్టి మన భాషలోకి బైబిలు తెచ్చినవారు ఇలాంటి మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, ఎవరు ఎవరితో అంటున్నారో తేల్చుకోక తప్పలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది యోహాను సువార్త 4వ అధ్యాయం. బావి దగ్గర సమరయ స్త్రీ యేసును ‘మాకిచ్చిన మన తండ్రియైన యాకోబుకంటె నీవు గొప్పవాడవా?’ అని అడుగుతుంది. ఒకే వాక్యంలో రెండూ! యాకోబు అటు ఆమె సమరయులకూ ఇటు యేసు పుట్టిన యూదులకూ మూలపురుషుడు, అందుకని ‘మన తండ్రి’. బావి మాత్రం తమ ఊరిది, అందుకని ‘మాకిచ్చిన’. కాస్త ముందుకు వెళ్లి ఆరాధన ఎక్కడ చేయాలన్న తగవు రాగానే ఆమె ‘మా పితరులు ఈ పర్వతమందు ఆరాధించిరి’ అంటుంది, వెంటనే ఆ చోటు యెరూషలేములో ఉందని ‘మీరు చెప్పుదురు’ అని కూడా అంటుంది. యాకోబు దగ్గర కలిసిన చుట్టరికం కొండ దగ్గరికి వచ్చేసరికి విడిపోయింది. గ్రీకులో ఈ మూడుచోట్లా ఉన్నది ఒకే సర్వనామం. ఎవరు అనువదించారో గాని, చెవి ఉన్న మనిషి.

మరో సంగతి. ఒక్కడే కొడుకైనా తెలుగువాడు ‘మా నాన్న’ అనే అంటాడు. కాబట్టి మత్తయి 6వ అధ్యాయం చెప్పినట్టు గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని ఒంటరిగా ప్రార్థించేవారి నోట కూడా ‘మా తండ్రీ’ సహజంగానే ఉంటుంది. ఆ ‘మా’లో బహువచనం మన చెవికి తగలదు. అది బయటపడేది అదే ప్రార్థనలో తర్వాత వచ్చే ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ దగ్గర. ఒంటరి మనిషి తనను తాను ‘మేము’ అనుకోడు. అక్కడికి వచ్చేసరికి గదిలో ఇంకెవరో ఉన్నారని గుర్తు చేసుకోవాల్సి వస్తుంది.

మరొకరు:

మా సంఘంలో చాలామంది ‘మన కుటుంబాలను దీవించు తండ్రీ’ అంటారు. దేవుడు కూడా మా కుటుంబంలో ఒకడే అన్న ప్రేమతో అంటున్నారేమో, తప్పు పట్టడం దేనికి?

జవాబు:

తప్పు పట్టను, కానీ కారణం అంత తీయనిది అనుకోను. ప్రార్థన చేసేవారు మధ్యలో దేవుణ్ని వదిలి వినేవారివైపు తిరిగినప్పుడు ‘మన’ దూరుతుంది. కుటుంబ ప్రార్థన చెవిపెట్టి వినండి. “ప్రభువా, మేము నీ వాక్యం చదివేలా సాయం చెయ్యి” అని మొదలుపెట్టిన తండ్రి, “మనం ఫోను పక్కన పెట్టి పది గంటలకల్లా పడుకోవాలి తండ్రీ” అంటాడు. ఆ రెండో ‘తండ్రీ’ పేరుకు మాత్రమే. చివాట్లు ఎవరికో కళ్లు మూసుకున్న కొడుక్కి బాగా తెలుసు.

ప్రశ్న అడిగినవారు:

మా ఇంట్లో ఈ పని చేసేది నేనే! సరే, ఇంకొకటి. ‘మన ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ’ అని ముగిస్తాం కదా, అది?

జవాబు:

అక్కడ ‘మా ప్రభువైన’ అనడమే సరి. తండ్రితో మాట్లాడుతూ ‘మన ప్రభువు’ అంటే యేసు తండ్రికి కూడా ప్రభువన్న అర్థం వస్తుంది. పత్రికల్లో ‘మన ప్రభువైన యేసుక్రీస్తు’ అని పదేపదే చదవడంతో అది నోటికి పట్టేసింది. పత్రికల్లో అది సబబే, అక్కడ వినేది సంఘం.

ఇంకొకరు:

తుపానులో దోనె మునగబోతుంటే శిష్యులు యేసుతో అన్న మాట? మార్కు 4:38లో ‘మేము నశించిపోవుచున్నాము’ అని ఉంది. ఆయన కూడా అదే దోనెలో ఉన్నాడు కదా. మునిగితే అందరూ మునగాలి. ‘మనము’ ఉండాలేమో.

జవాబు:

లెక్కప్రకారం మీదే న్యాయం. కానీ పూర్తి వాక్యం చూడండి: ‘బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?’ నిష్ఠూరమాడేవాడు ఎదుటివాణ్ని తనతో కలుపుకోడు. ఆయన తలగడ మీద నిద్రపోతున్నాడు, వీళ్లు నీళ్లు తోడుకుంటూ ఉండి ఉంటారు, భయంలో ఆయన్ని వేరే పక్షం చేసేశారు. ‘మనము’ అని రాస్తే ‘నీకు చింతలేదా’లో ఉన్న ఆ మంట తగ్గిపోతుంది. మత్తయి 8:25లో సర్వనామమే లేకుండా ‘ప్రభువా, నశించిపోవుచున్నాము’ అని ఉంది. క్రియ చివరి ‘ము’ మేముకూ మనముకూ ఒకటే కాబట్టి అది ఎటైనా చదువుకోవచ్చు. ఆ వెంటనే వచ్చే ‘మమ్మును రక్షించుము’ దగ్గర మాత్రం ఇంకో దారి లేదు. రక్షించాల్సినవాడు ఆయనే.