మిర్చి తొడిమ తీసే మెషిన్: కాలేజీతో ఒప్పందంలో పేటెంట్ ఎవరి పేరున పెట్టుకోవాలి?

అన్నలూ, నాకు వరంగల్ ములుగు రోడ్డులో చిన్న వర్క్‌షాప్ ఉంది. రెండేళ్లుగా ఎండుమిర్చి తొడిమ తీసే మెషిన్ మీద పడ్డాను. సన్న రకాలకు బాగానే పనిచేస్తోంది కానీ మన చపాట మిర్చికి (2025లో జీఐ ట్యాగ్, అంటే ప్రాంతం పేరుతో ఇచ్చే గుర్తింపు, వచ్చినదే) తొడిమతో పాటు కాయ తల కూడా ఊడిపోయి గింజలన్నీ ట్రేలో రాలుతున్నాయి. ఎనుమాముల మిర్చి మార్కెట్లో ఒక వ్యాపారికి చూపిస్తే, గింజ రాలకుండా చెయ్, నేనే ఫస్ట్ కొంటా అన్నాడు.

ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ వాళ్లు రోలర్ డిజైన్ మారుస్తామంటున్నారు, కానీ పేటెంట్ మొత్తం వాళ్ల పేరునే ఉండాలట! పెట్టుబడి నాది, తిరుగుడూ నాదే.

కేంద్రం వాళ్ల టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ప్రాజెక్టు ఖర్చులో సగం వరకు 5 శాతం వడ్డీకి అప్పిస్తుంది, సరే, మిగతా సగం చూపించడమే టెన్షన్. 2025 జూలైలో కేంద్రం ఓకే చేసిన లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకం నాలాంటి చిన్నోళ్ల దాకా వస్తుందా?

ఇలా కాలేజీతో కలిసి చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి: పేటెంట్ ఉమ్మడిగా పెట్టుకున్నారా, లేక లైసెన్స్ తీసుకుని రాయల్టీ కట్టారా? వచ్చే వారమే సంతకం పెట్టమంటున్నారు.