బొగోటాలో మిగిలింది ఒక్క పూట: కొండా, బంగారు మ్యూజియమా?

కొలంబియా రాజధాని బొగోటాకి ఒక్కడినే వచ్చాను, లా కాండెలారియా అనే పాత పేటలో దిగాను. రేపు మంగళవారం సాయంత్రం 4కి ఫ్లైట్, ఒంటి గంటకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి.

ఆదివారం మొన్సెర్రాతే కొండకి వెళ్తే, రోప్‌వే క్యూ చూసి సర్వదర్శనం గుర్తొచ్చింది. గంటన్నర నిలబడి వెనక్కొచ్చేశాను. ఈరోజు 11కి మళ్ళీ వెళ్లి ఎక్కాను. పైనంతా మబ్బు! రెయిలింగ్ మీద నీటిచుక్కలు తప్ప ఊరు కనిపించలేదు. దిగి బంగారు మ్యూజియానికి వెళ్తే సోమవారం సెలవట (ముందే చూసుకోవాల్సింది, తప్పు నాదే). బొతేరో (అందరినీ బొద్దుగా గీసిన చిత్రకారుడు) మ్యూజియం మాత్రం తెరిచి ఉంది, బొద్దు మోనాలిసాని చూసొచ్చాను.

ఊరే 2,640 మీటర్ల ఎత్తు, కొండ 3,152. వచ్చినప్పటి నుంచి తలనొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కాబట్టి నడిచి ఎక్కే ప్రశ్నే లేదు, పైగా మంగళవారం ఆ దారి మూసేస్తారు. ఉదయం మబ్బు ఉండదని హాస్టల్ అబ్బాయి అంటాడు, మధ్యాహ్నమే నయమని టాక్సీ డ్రైవర్.

వెళ్లినవాళ్లు చెప్పండి: రేపు 7 గంటలకే మళ్ళీ కొండెక్కనా, లేక అది వదిలేసి 9కి తెరవగానే తీరిగ్గా బంగారు మ్యూజియం చూడనా?